పిల్లల పేజీలో ఖాళీకి జవాబు ఒక్కటే వేస్తే చాలదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పేపర్లో ఆదివారం పిల్లల పేజీలో "ఖాళీలో ఏ సంఖ్య వస్తుంది?" అని ఒక పజిల్ వేస్తున్నారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. నేను చీపురుపల్లి దగ్గర పల్లెలో సాయంత్రం పూట మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా పిల్లలకి ట్యూషన్ చెబుతాను. సోమవారం వచ్చేసరికి ఆ ముక్క చింపి జేబులో పెట్టుకుని నలుగురైదుగురు తెస్తారు, ట్యూషన్ మొదలవకముందే దాని మీద గొడవ మొదలవుతుంది. అంచేత పజిల్ మానేయమని రాయడం లేదు, అది మంచి పని, వేసే తీరు కొంచెం మార్చండి అని రాస్తున్నాను.

ఈమధ్య ఒక ఆదివారం 2, 4, 8 ఇచ్చి తర్వాత ఖాళీ వదిలారు. కింద తలకిందులుగా జవాబు 16. ఇంకేమీ లేదు. ఐదో తరగతి గుంటడు ఒకడు 14 రాసుకొచ్చాడు. వాడి అన్న అప్పటికే దాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. ఎలా వచ్చిందిరా అని అడిగితే, "రెండు నుంచి నాలుక్కి రెండు పెరిగింది, నాలుగు నుంచి ఎనిమిదికి నాలుగు పెరిగింది, ఇప్పుడు ఆరు పెరగాలి కదా టీచర్" అన్నాడు. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి. ఇది విని పక్కనున్న పిల్ల, రెండు కలపడం, రెండుతో గుణించడం, మళ్లీ రెండు కలపడం అనుకుంటే 10 కూడా వస్తుంది కదా అంది. నిజమే, వస్తుంది. మూడు సంఖ్యలిస్తే మూడు జవాబులు తేలాయి, మూడింటికీ కారణం ఉంది. మీ 16 తప్పని నేననను, అదొక్కటే ఒప్పు అన్నట్టు వేయడం తప్పంటాను.

అసలు సంగతేమిటంటే, వరసలో ఎన్ని సంఖ్యలిచ్చినా సరే, ఆ తర్వాత మనకి ఇష్టమొచ్చిన సంఖ్య వచ్చేలా ఒక సూత్రం కట్టొచ్చు. పై క్లాసుల్లో లెక్కలు చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. కాబట్టి ఇలాంటి ప్రశ్న అడిగినప్పుడు మనం నిజానికి అడుగుతున్నది "అందరూ ఒప్పుకునే తేలికైన నియమం ఏది, దాని ప్రకారం ఇక్కడ ఏం రావాలి" అని. ఈ మాట పిల్లలకి ఎవరూ చెప్పరు. చెప్పకపోతే వాళ్లకి అదేదో పెద్దవాళ్ల మనసులో దాచిన నంబరు, ఊహించి చెప్పాలి, తగిలితే తెలివైనవాడు, తగలకపోతే మొద్దు. అదే 2, 4, 8, 14 అని నాలుగు సంఖ్యలిచ్చి ఐదోది అడిగి ఉంటే మా గుంటడి దారే అందరిదీ అయ్యేది, 2, 4, 8, 16 అని ఇస్తే మీ దారే అయ్యేది. ఇంకో రెండు సంఖ్యలు వేయడానికి పేపర్లో ఎంత చోటు పడుతుందండీ? పక్కన ఆ ఏనుగు బొమ్మ కాస్త చిన్నది చేస్తే సరిపోతుంది.

పరీక్షలంటే ఇక్కడ మాకు చిన్న విషయం కాదని కూడా చెప్పాలి. మా జిల్లాలో పిల్లాడు నాలుగో తరగతికి వచ్చేసరికే ఇంట్లో కోరుకొండ సైనిక్ స్కూలు మాట మొదలవుతుంది, ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో ఇంటెలిజెన్స్ అని ఒక భాగమే ఉంటుంది కదా. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష. అందులో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి, ఆ డబ్బుతో అమ్మాయి చదువు ఆగకుండా సాగిన ఇళ్లు నాకు తెలుసు. తల్లీదండ్రీ పనికోసం చెన్నైకో హైదరాబాదుకో వెళ్లిపోయి, పిల్లల్ని మామ్మ దగ్గర వదిలేసిన ఇళ్లు మా చుట్టుపక్కల ఎన్నో. వాళ్ల దగ్గరికి వెళ్లి "పరీక్ష కోసం చదవకండి, ఆనందం కోసం చదవండి" అని ఉపన్యాసం చెప్పే ధైర్యం నాకు లేదు.

కానీ ఆ పరీక్షల కోసం నేర్పే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. ముందు తేడా చూడు, అది కుదరకపోతే వర్గాలు చూడు, అదీ కుదరకపోతే ఘనాలు, ఆ తర్వాత ప్రధాన సంఖ్యలు, అదీ కాకపోతే ఒకటి విడిచి ఒకటి చూడు. ఇదీ ట్రిక్కుల జాబితా, వరసగా బట్టీ. పిల్లాడు తాళంచెవుల గుత్తి పట్టుకున్నవాడిలా ఒక్కొక్కటే దూర్చి చూస్తాడు, ఏదో ఒకటి తిరుగుతుంది, ఎందుకు తిరిగిందో వాడికి తెలీదు. పరీక్షలో నాలుగు ఆప్షన్లుంటాయి కాబట్టి అది నడుస్తుంది, 14 వచ్చినవాడు ఆప్షన్లలో 14 లేదని చూసి దారి మార్చుకుంటాడు. మీ పజిల్‌కి ఆప్షన్లు లేవు కదా, మరి అక్కడ ఒకటే జవాబు అని ఎలా అంటాం?

నేను చేసేది చెబుతాను, గొప్పేమీ కాదు. జవాబు ఒప్పయినా తప్పయినా "ఎలా వచ్చింది?" అని అడుగుతాను. ఒప్పయినప్పుడు కూడా అడగాలి, అది ముఖ్యం. వాళ్లు తప్పు చేసినప్పుడే మనం అడుగుతూ ఉంటే పిల్లలు కనిపెట్టేస్తారు, టీచరు అడిగిందంటే తప్పన్నమాట అనుకుని నోరు తెరవకముందే రబ్బరు తీసి చెరిపేస్తారు. ఒప్పుకీ తప్పుకీ ఒకేలా అడగడం అలవాటైతే ఆ రబ్బరు ఆగుతుంది.

ఖాళీ చివర ఉండటం వేరు, మధ్యలో ఉండటం వేరు. చిన్నపిల్లలకి మధ్యలో ఖాళీ ఇవ్వడమే మంచిది, రెండు పక్కలా సాక్ష్యం ఉంటుంది కనక వాళ్ల జవాబు వాళ్లే సరిచూసుకోవచ్చు. అయితే అందులో ఒక గుంట ఉంది, ఏటా కొత్తగా వచ్చిన ప్రతి బ్యాచీ అందులో పడుతుంది. 40, ఖాళీ, ఖాళీ, 25 అని ఇవ్వండి. నలభై నుంచి పాతికకి పదిహేను తగ్గింది అని గబగబా చెప్పేస్తారు. ఖాళీలు రెండు కాబట్టి పదిహేనుని రెండుతో భాగిస్తారు. ఏడున్నర! ఆ ఏడున్నర చూసి వాళ్ల మొహాలే మాడిపోతాయి, అయినా వదలరు, 32న్నర అని రాసేస్తారు. అప్పుడు నేనేమీ చెప్పను, ఆ నాలుగు చోట్లా నలుగురు పిల్లల్ని నిలబెట్టి ఒకరి నుంచి ఒకరికి గెంతమంటాను. గెంతులు మూడు. మనుషులు నలుగురు, మధ్యలో ఇద్దరు, గెంతులు మాత్రం మూడు. పదిహేనుని మూడుతో భాగిస్తే ఐదు, 35, 30. ఇది ఒకసారి కాళ్లతో గెంతినవాడు మళ్లీ మర్చిపోడు, బోర్డు మీద సూత్రం రాసుకున్నవాడు వారానికే మర్చిపోతాడు. తగ్గే వరస బెంగగా ఉంటే వెనకనుంచి చదవమంటాను, 25 నుంచి ఎక్కితే అదే పెరిగే వరస.

ఎక్కాల సంగతి కూడా ఇందులోదే. మన పిల్లలు ఏడో ఎక్కం రైలు బండిలా చెబుతారు, మధ్యలో ఆపి 42కి ముందు ఏముంటుందిరా అంటే మళ్లీ ఏడు ఒకట్ల నుంచి మొదలెడతారు. ఏడో ఎక్కంలో చివరి అంకెలు మాత్రం తీసి రాయమనండి: 7, 4, 1, 8, 5, 2, 9, 6, 3, 0. ఇప్పుడు ఆ వరసని వెనకనుంచి చదవండి: 0, 3, 6, 9, 2, 5, 8, 1, 4, 7. మూడో ఎక్కం చివరి అంకెలు! ఏడు కలపడం, మూడు తగ్గించడం చివరి అంకెకి ఒకటేనని అప్పుడు వాళ్లకే వెలుగుతుంది. ఎనిమిదికీ రెండుకీ, తొమ్మిదికీ ఒకటికీ అలాగే ఉంటుందని నేను చెప్పకుండానే వెతికేస్తారు.

ఇక నాకు బాగా నచ్చింది ముగ్గు. ధనుర్మాసంలో మా వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఉండే చుక్కల ముగ్గే. "7 చుక్కలు, సందు చుక్క 4 వరకు" అంటే మధ్య వరసలో 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం ఎన్ని చుక్కలు? లెక్కపెడితే 37. అంతకంటే చిన్నది, 5 చుక్కలు 3 వరకు అయితే 19. ఇంకా చిన్నది, 3 చుక్కలు 2 వరకు అయితే 7. ఇప్పుడు వరస 7, 19, 37, ఖాళీ, 91 అని ఇస్తాను. తేడాలు రాసుకుంటారు, 12, 18, తర్వాత 24 అయితే 61, దాని మీద 30 కలిపితే 91, సరిపోయింది. సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాం. అసలు మజా ఇక్కడే మొదలవుతుంది, తేడా ఆరేసి చొప్పున ఎందుకు పెరుగుతోంది అని అడగాలి.

ముగ్గు వేసే పిల్లలకి ఇది చెయ్యి చెబుతుంది. 7 చుక్కల ముగ్గులో బయట అంచున ఉన్న చుక్కలు చెరిపేస్తే లోపల మిగిలేది 5 చుక్కల ముగ్గే. చెరిపినవి 18, ఆరు పక్కలు, పక్కకి మూడేసి. ఇంకా పెద్ద ముగ్గు కావాలంటే చుట్టూ ఇంకో వరస వేయాలి, ఆరు పక్కల్లో ఒక్కో పక్కకి ఒక్కో చుక్క ఎక్కువ పడుతుంది, అందుకే 24. ఇక ఇది ఊహ కాదు. వేరే ఎవరైనా వచ్చి ఇక్కడ 61 కాదు 60 అంటే ఒప్పుకోనక్కర్లేదు, నేల మీద చూపించొచ్చు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె 15 చుక్కలు 8 వరకు వేసే ముగ్గుకి చుక్కలు పెట్టకుండానే మొత్తం చెప్పింది. మధ్యలో 1, చుట్టూ 6, 12, 18, అలా 42 దాకా ఏడు వరసలు, అంటే ఒకటి నుంచి ఏడు దాకా కలిపితే 28, ఆరుతో గుణిస్తే 168, మధ్య చుక్కతో 169. తర్వాత అది 13 పదమూళ్లు అని కూడా తనే గమనించి, ఎందుకలా వచ్చింది టీచర్ అని నన్ను అడిగింది. అది మాత్రం అనుకోకుండా పడిందే, ప్రతి ముగ్గుకీ అలా రాదు, 37నీ 61నీ చూడు అన్నాను. కారణం ఉన్న అమరికకీ, ఊరికే కలిసొచ్చిన దానికీ తేడా చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

సరిచుక్క ముగ్గు, అంటే మధ్య వరసలో 7, అటూ ఇటూ 5, 3, 1 అని రెండేసి తగ్గేది, మగపిల్లలకి ఇస్తాను (ముగ్గులు మాకెందుకు అని మొదట మూతి ముడుస్తారు, తర్వాత ఎవరి సుద్ద ముక్క వాళ్లు దాచుకుంటారు). అందులో మొత్తాలు 1, 5, 13, 25, 41. తేడాలు నాలుగేసి పెరుగుతాయి. తల కొంచెం వంచి ఐమూలగా చూస్తే 25లో నాలుగు వరసల్లో నాలుగేసి చుక్కల గడి ఒకటి, దాని సందుల్లో మూడు వరసల్లో మూడేసి చుక్కల గడి ఒకటి కనిపిస్తాయి, అంటే 16, 9. 41 అయితే 25, 16. ఇది కనిపెట్టినవాడు ఆ రోజు ఇంటికి వెళ్లలేదు, వాళ్లమ్మ వచ్చి చెవి పట్టుకుని తీసుకెళ్లింది.

అన్నీ ఇలా సాఫీగా కుదిరిపోతే పిల్లలకి ఇంకో జబ్బు పడుతుంది, నాలుగు సంఖ్యలు కుదిరితే చాలు నియమం దొరికేసిందనుకుంటారు. దానికి మందు ఒకటుంది. గచ్చు మీద సుద్దతో ఒక పెద్ద వృత్తం గీయించండి. వృత్తం మీద రెండు చుక్కలు పెట్టి కలిపితే లోపల 2 ముక్కలు. మూడు చుక్కలు పెట్టి ఒకదానికొకటి అన్నీ కలిపితే 4. నాలుగు చుక్కలకి 8. ఐదు చుక్కలకి 16, ఓపిగ్గా లెక్కపెట్టాలి. ఆరు చుక్కలకి ఎన్ని అంటే లెక్క కూడా పెట్టకుండా 32 అని అరుస్తారు. పెట్టి చూడండి అంటే 31 వస్తాయి. "ఎక్కడో ఒకటి వదిలీసాం టీచర్" అని మళ్లీ పెడతారు, మళ్లీ 31. చెరిపి కొత్త వృత్తం గీస్తారు, అప్పుడూ 31. ఒక జాగ్రత్త ఏమిటంటే ఆరు చుక్కలూ సమాన దూరంలో పెట్టకూడదు, అలా పెడితే మూడు గీతలు నడిమధ్య ఒకేచోట కలిసి ఒక ముక్క మాయమై 30 అవుతుంది, కాస్త అటూ ఇటూ జరపాలి. 31 అని చివరికి ఒప్పుకున్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి, ఎవరో మోసం చేసినట్టు పెడతారు. నేను మాత్రం లోపల నవ్వుకుంటాను. రెట్టింపు అవుతుందని వాళ్లు అనుకున్నారే గానీ రెట్టింపు కావడానికి కారణం ఏమిటో ఎవరూ అడగలేదు కదా.

పెద్దవాళ్లు దీనికి అతీతులేం కాదు. ఇంగ్లండులో పీటర్ వేసన్ అనే సైకాలజిస్టు 1960లో పెద్దవాళ్లకే ఒక పరీక్ష పెట్టాడు. 2, 4, 6 నా నియమానికి సరిపోతాయి, నియమం కనుక్కోండి, కావాలంటే మీరు మూడేసి సంఖ్యలు చెప్పండి, సరిపోయిందో లేదో చెబుతాను అన్నాడు. చాలామంది 8, 10, 12 లాంటివే అడిగి, రెండేసి పెరగడమే నియమమని తేల్చేశారు. ఆయన నియమం పెరుగుతూ పోవడం, అంతే. 1, 5, 90 అన్నా సరిపోయేది. ఈ ఆట మా అరుగు మీద బాగా నడుస్తుంది, తమ ఊహ తప్పయ్యే సంఖ్యలు కావాలని అడిగి చూసేవాడు గెలుస్తాడని రెండో ఆటకే పిల్లలు పట్టేస్తారు.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను, ఇది హైస్కూలు పిల్లల కోసం. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠమే అమరికల మీద ఉంది, అందులో 1, 2, 3, 5, 8, 13 అనే వరస కూడా ఉంది. వెనకున్న రెండూ కలిపితే తర్వాతది. పిల్లలకి ఇది ఇటలీ ఫిబొనాచ్చి పేరుతోనే తెలుసు, ఆయన పుస్తకం 1202 నాటిది. అంతకుముందే 1150 ప్రాంతంలో గుజరాత్‌లో హేమచంద్రుడనే జైన పండితుడు ఇదే వరస చెప్పాడు, అదీ ఛందస్సు గురించి మాట్లాడుతూ. మాత్ర అంటే పలకడానికి పట్టే కాలానికి కొలత, లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు, మరి ఇన్ని మాత్రలు ఎన్ని రకాలుగా నింపొచ్చు అన్నది ఆయన లెక్క. మన తెలుగు మాస్టార్లు కందపద్యానికి గగ, భ, జ, స, నల అని ఐదు గణాలు బట్టీ పట్టిస్తారు కదా, ఐదే ఎందుకు అని ఎప్పుడైనా అడిగామా? ఆ గణాలన్నీ నాలుగేసి మాత్రలవే, నాలుగు మాత్రలు నింపడానికి ఉన్న దారులు సరిగ్గా ఐదే, ఆరోది లేదు. చివర లఘువు ఉంటే ముందు మూడు మాత్రలు మిగులుతాయి, వాటికి 3 దారులు, చివర గురువు ఉంటే రెండు మాత్రలు మిగులుతాయి, వాటికి 2 దారులు, మొత్తం 5. ఐదు మాత్రలకైతే అదే తీరున 8. ఇది చెప్పినరోజు ఎనిమిదో తరగతి పిల్లలు రెండు సబ్జెక్టుల నోటుపుస్తకాలు ఒకేసారి తెరిచారు, అది నేను మామూలుగా చూసే దృశ్యం కాదు. తెలుగు పీరియడు, లెక్కల పీరియడు వేరువేరుగా పెట్టిన మనం, మాస్టార్లిద్దర్నీ స్టాఫ్ రూములో టీ తాగేటప్పుడైనా ఈ ఒక్క మాట మాట్లాడుకోమంటే బాగుంటుంది.

మీ పేజీకి వస్తే, సంఖ్యలు కనీసం ఐదు వేయండి, ఖాళీ ఎప్పుడూ చివరే కాకుండా అప్పుడప్పుడు మధ్యలో పెట్టండి, ఒక్కోసారి వరసలో తప్పు సంఖ్య ఒకటి దూర్చి పట్టుకోమనండి. ఖాళీ కింద ఇంకో గీత గీసి "ఎలా వచ్చింది?" అని రాయండి. జవాబు తలకిందులుగా అదే పేజీలో వేయకండి, పేపరు తిప్పడానికి పిల్లలకి అర క్షణం పట్టదు. తర్వాతి ఆదివారం వేయండి, జవాబుతో పాటు నియమం వేయండి, వేరే జవాబు సరైన కారణంతో ఎవరైనా పంపితే అదీ వాళ్ల ఊరి పేరుతో వేయండి. పోస్టుకార్డు మీద పంపమంటే మా ఊళ్లో కార్డు దొరకడమే కష్టం, వాట్సాప్ నంబరు ఒకటి ఇస్తే ఫొటో తీసి పంపుతారు. నంబరిచ్చాక రాత్రి పదింటిదాకా మీ ఆఫీసులో ఫోను టింగుటింగుమంటూ ఉంటే మాత్రం నన్ను తిట్టుకోకండి.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచరు,
చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా